భయమూ భద్రతా ఒకే చోట: శిల్పి లూయీజ్ బూర్జ్వాపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో, ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడిన శిల్పి లూయీజ్ బూర్జ్వా (1911–2010) గురించి ఒక పేజీ పరిచయం ప్రచురించాం. ప్రేమా ద్వేషమూ, భయమూ భద్రతా, కోపమూ పశ్చాత్తాపమూ వంటి పరస్పర విరుద్ధ భావాలను ఆమె జీవితమంతా చెక్కతో, రాతితో, కంచుతో, గుడ్డతో తరచి చూస్తూ వచ్చారని అందులో ఒక వాక్యం రాశాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ వాక్యాన్ని పట్టుకుని అడిగినవే. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను దోహాలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి ఖతర్ జాతీయ సమావేశ కేంద్రం లోపల ఒక పెద్ద సాలెపురుగు శిల్పం ఉంది. దాని పేరు ‘అమ్మ’ అని తెలిసి నా భార్య నొచ్చుకుంది. అంత భయం పుట్టించే రూపానికి అమ్మ పేరు పెట్టడం న్యాయమేనా? (ఒక పాఠకుడు, దోహా)

జవాబు: మీ శ్రీమతి గారి అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. ఆ శిల్పం కింద నిలబడి ఫొటో దిగి ముచ్చటపడి వెళ్లిపోయేవారి కంటే, పేరు విని మనసు చివుక్కుమన్న ఆమే దాన్ని నిజంగా చూశారని నా అభిప్రాయం. పేరు ఒక వైపుకు, రూపం మరో వైపుకు లాగుతున్నప్పుడు కలిగే ఆ ఇబ్బందే శిల్పి కోరుకున్నది.

‘మమాఁ’ అనే ఫ్రెంచి పేరున్న ఈ శిల్పాన్ని బూర్జ్వా 1999లో, ఎనభై ఏడేళ్ల వయసులో, లండన్‌లో కొత్తగా తెరవబోతున్న టేట్ మోడర్న్ మ్యూజియం కోసం ఉక్కుతో చేయించారు. 2000 మే నెలలో ఆ మ్యూజియం తలుపులు తెరిచినప్పుడే ఇది కూడా ప్రజల ముందుకు వచ్చింది. ఎత్తు తొమ్మిది మీటర్ల పైమాటే. తర్వాత దీన్ని కంచులో పోతపోశారు. ఆ ప్రతులు బిల్బావ్, ఒటావా, టోక్యో వంటి నగరాలకు చేరాయి. మీరు చూస్తున్నదీ ఆ ‘మమాఁ’నే.

ఆమె తల్లి జోసెఫిన్ పాత టాపెస్ట్రీలను, అంటే పెద్ద భవనాల గోడలకు వేలాడదీసే, బొమ్మలు నేసిన బరువైన తెరలను, బాగుచేసే పనిలో నిపుణురాలు. చిరుగులు పట్టిన చోట, పురుగు కొట్టిన చోట, దారానికి దారం కలిపి మళ్లీ నేయడం ఆమె నిత్యకృత్యం. గూడును ఎవరైనా తెంపినా సాలెపురుగు కోపం తెచ్చుకోదనీ, కూర్చుని మళ్లీ అల్లుకుంటుందనీ బూర్జ్వా చెప్పేవారు. ఓర్పు, తెలివి, నేర్పు, ఇంటికి పనికివచ్చే గుణం, ఇవన్నీ తల్లిలోనూ సాలెపురుగులోనూ ఒకేలా ఉన్నాయన్నది ఆమె నమ్మకం. శివలింగంపై గూడు అల్లి ముక్తి పొందిన సాలెపురుగు కథ శ్రీకాళహస్తి క్షేత్రంతో ముడిపడి మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే కాబట్టి, ఈ పోలిక తెలుగువారికి మరీ వింతగా తోచనక్కర్లేదు.

అయితే బూర్జ్వా తల్లిని పొగిడి ఊరుకోలేదు. ఈసారి వెళ్లినప్పుడు ముందుగా కాళ్ల చివరలు చూడండి. అంత పెద్ద శరీరాన్ని మోస్తున్న ఎనిమిది కాళ్లూ నేలను తాకే చోట సన్నని మొనల్లా తేలిపోతాయి. ఒక్క అడుగు వేస్తే కింద ఉన్నదేదైనా నలిగిపోతుందనీ, ఒక్క తోపు తోస్తే అది తానే కూలిపోతుందనీ రెండు అనుమానాలు ఒకేసారి కలుగుతాయి. తర్వాత కడుపు కిందకు వెళ్లి తల ఎత్తండి. వల లాంటి సంచిలో తెల్లని పాలరాతి గుడ్లు కనిపిస్తాయి. అవి కనిపించగానే, ఇంతసేపూ మనల్ని వేటాడేదిగా తోచిన ప్రాణి నిజానికి కదలలేక, గుడ్లను కాపాడుకుంటూ నిలబడిన తల్లి అని తెలుస్తుంది. అలా తెలిసినంత మాత్రాన భయం పూర్తిగా పోదు. కాళ్ల మధ్య నిలబడిన పెద్దవాళ్లు కూడా పసిపిల్లల ఎత్తుకు తగ్గిపోతారు. చుట్టూ ఉన్నవి మనల్ని కాచే స్తంభాలా, బంధించే ఊచలా అన్నది మన మనసు ఆ క్షణంలో ఉన్న తీరును బట్టి మారుతూ ఉంటుంది.

ఇదే విషయం 1997 నాటి ‘సాలెపురుగు’ అనే మరో పెద్ద శిల్పంలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అక్కడ ఉక్కు సాలెపురుగు ఒక గుండ్రని జాలీ గది మీద కూర్చుని ఉంటుంది. గదిలో ఒక కుర్చీ, గోడలకు పాత టాపెస్ట్రీ ముక్కలు ఉంటాయి. పాత తెరల్లోని దిసమొల బొమ్మలు అమెరికా కొనుగోలుదారులకు నచ్చవని తన తల్లి ఆ భాగాలను కత్తిరించి, వాటి స్థానంలో పువ్వులు కుట్టేదని బూర్జ్వా గుర్తుచేసుకునేవారు. చిరుగులు కుట్టే చేతిలోనే కత్తెర కూడా ఉందన్న సంగతిని ఆమె ఎన్నడూ మరిచిపోలేదు.

ప్రశ్న: ఎక్కడ చదివినా ఈమె శిల్పాలన్నింటికీ తండ్రి చేసిన ద్రోహమే కారణమని రాస్తున్నారు. ఒక్క కుటుంబ కలహం డెబ్బై ఏళ్ల కళకు సరిపోతుందా? (ఒక ఉపాధ్యాయుడు, విజయవాడ)

జవాబు: సరిపోదనే నేనూ అనుకుంటాను. ముందు జరిగిందేమిటో క్లుప్తంగా చెబుతాను.

ఆమె 1911 డిసెంబరు 25న పారిస్‌లో పుట్టారు. తండ్రి పేరు లూయీ. అతను కొడుకు కోసం ఎదురుచూశాడు, పుట్టిన కూతురికి అతని పేరునే స్త్రీలింగంలో పెట్టారు. పిల్లలకు ఇంగ్లిష్ నేర్పడానికి ఇంట్లో పెట్టుకున్న యువతితో అతనికి సంబంధం ఏర్పడి, అది సుమారు పదేళ్లు అదే ఇంట్లో, అదే భోజనాల బల్ల దగ్గర సాగింది. తల్లికి తెలుసు, పిల్లలకూ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. అందుకే బూర్జ్వా కోపం తండ్రి మీదా, ఆ యువతి మీదా మాత్రమే ఆగలేదు. అంతా సహించి ఊరుకున్న తల్లి మీద కూడా ఆమెకు కోపం ఉంది, ఆ తల్లే ఆమెకు అందరికంటే ఆప్తురాలు. పైన చెప్పిన సాలెపురుగు విషయంలో ఈ సంగతిని గుర్తుపెట్టుకోవాలి.

ఆ బల్ల దగ్గర తండ్రికి ఒక ఆట ఉండేది. కమలాపండు తొక్క మీద మనిషి ఆకారం గీసి, కత్తితో జాగ్రత్తగా కోసి ఒలిచేవాడు. పండు మధ్యలోని తెల్లని ఈనె సరిగ్గా ఆ బొమ్మ కాళ్ల మధ్యకు వచ్చి మగవాడి బొమ్మ తయారయ్యేది. దాన్ని పైకెత్తి చూపి, నా కూతురు ఇంత అందంగా లేదు, ఎందుకంటే దానికి ఇది లేదు అన్నట్టుగా నవ్వించేవాడు. బల్ల చుట్టూ ఉన్నవారంతా నవ్వేవారు. ముసలితనంలో కూడా ఈ సంఘటన చెబుతూ బూర్జ్వా కన్నీళ్లు పెట్టుకున్నారు. ఒక పండుతో, ఒక కత్తితో, అందరి నవ్వుల మధ్య జరిగిన అవమానం అది. నవ్వూ గాయమూ విడదీయలేనంతగా కలిసిపోయిన క్షణం.

1974లో ఆమె ‘తండ్రి వినాశనం’ చేశారు. ఎర్రని వెలుతురులో గుహ లాంటి ఒక గూడు. పైనా కిందా ఉబ్బెత్తు ముద్దలు. మధ్యలో బల్లో మంచమో తెలియని ఒక గద్దె మీద మాంసపు తునకల్లాంటివి. కసాయి కొట్టు నుంచి తెచ్చిన గొర్రె జబ్బలకూ కోడి కాళ్లకూ అచ్చులు తీసి, రబ్బరు పాలతో ఆ తునకలు చేశారు. గొప్పలు చెప్పుకునే తండ్రిని పిల్లలు బల్ల మీదకు లాగి, ముక్కలు చేసి తినేస్తారన్నది దాని వెనుక ఊహ. తినడమంటే నాశనం చేయడం మాత్రమే కాదని గమనించండి. తిన్నది మన ఒంట్లో భాగమైపోతుంది. ఆ తండ్రి 1951లో చనిపోయినప్పుడు, అంత ద్వేషించిన కూతురు ఏళ్ల తరబడి లేవలేనంత దిగులులో కూరుకుపోయారు. ద్వేషం ఒక్కటే అయి ఉంటే ఆమెకు ఊరట కలిగి ఉండాల్సింది.

ఇక మీ ప్రశ్నలోని అసలు సందేహం. ఈ కథను ఎంతో ధైర్యంగా బయటపెట్టింది బూర్జ్వాయే. 1982లో ఒక కళా పత్రికలో బాల్యపు ఫొటోలతో సహా ప్రచురించారు. అప్పటి నుంచి రాసేవారికి పని సులువైపోయింది. ప్రతి శిల్పానికీ తండ్రినో తల్లినో తాళంచెవిగా వాడి, తలుపు తీశామనుకుని వెళ్లిపోతున్నారు. ఇలా చదవడం ఆ శిల్పాలకు అన్యాయం చేస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. అలాంటి తండ్రులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు, అలాంటి బాల్యం గడిపినవారిలో అత్యధికులు శిల్పాలు చేయలేదు. బాధ ఎక్కడి నుంచి వచ్చిందో జీవితకథ చెబుతుంది. ఆ బాధ మన కడుపులో ఎలా కలుక్కుమనేలా చేశారో మాత్రం రాయీ, గుడ్డా, వాటిని ఆమె నిలబెట్టిన తీరూ చెప్పాలి. తర్వాతి ప్రశ్న సరిగ్గా దాని గురించే వచ్చింది.

ప్రశ్న: నేను శిల్పకళ విద్యార్థిని. ముఖకవళికలు లేకుండా, కళ్లూ పెదవులూ చెక్కకుండా, రెండు వ్యతిరేక భావాలను ఒకే రూపంలో చూపించడం ఎలా సాధ్యమైంది? (ఒక విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: అన్ని ఉత్తరాల్లోకీ నాకు ఎక్కువ సంతోషం కలిగించిన ప్రశ్న ఇది. కొంచెం విపులంగా రాస్తాను.

తొలి రోజుల చెక్క శిల్పాలతో మొదలుపెడదాం. 1938లో అమెరికన్ కళాచరిత్రకారుడు రాబర్ట్ గోల్డ్‌వాటర్‌ను పెళ్లాడి ఆమె న్యూయార్క్ వెళ్లారు. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది, ఫ్రాన్సులో ఉన్న తనవాళ్లకు దూరమయ్యారు. 1940ల రెండో సగంలో, తాముంటున్న భవనం డాబా మీద, నిలువెత్తు సన్నని చెక్క రూపాలు చెక్కడం ప్రారంభించారు. తాను వదిలి వచ్చిన ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క రూపం. 1949లో పెరిడో గ్యాలరీలో వాటిని పీఠాలు లేకుండా నేరుగా నేలలో నిలిపారు. చూడవచ్చినవారు విందులో అతిథుల మధ్య తిరిగినట్టు వాటి మధ్య తిరగాల్సి వచ్చేది. వాటిలో చాలావాటి కింది భాగం మొనదేలి ఉంటుంది. నిటారుగా ఉన్నందువల్ల ధీమాగా కనిపిస్తాయి, మొన మీద ఉన్నందువల్ల పడిపోయేలా కనిపిస్తాయి. కళ్లూ పెదవులూ లేకుండానే, ఒక నిలువు గీతా ఒక మొనా కలిసి రెండు భావాలను పుట్టించాయి. మీ ప్రశ్నకు మొదటి జవాబు ఇదే: శిల్పం నేలను తాకే చోటు.

రెండవది వేలాడదీయడం. 1968 నాటి ‘జేనస్ ఫ్లూరి’ అనే కంచు శిల్పం వెడల్పు సుమారు ముప్పై సెంటీమీటర్లే. రెండు వైపులకూ చూసే ముఖాలున్న రోమన్ దేవుడి పేరు దానికి పెట్టారు. నున్నని గుండ్రని రెండు చివరలు, వాటిని కలిపే చోట గరుకుగా చెదిరిన నడిమి భాగం. స్త్రీ అవయవమో పురుషావయవమో, మొగ్గో గాయమో తేల్చుకోలేం. ఒకే తీగకు వేలాడుతూ ఉంటుంది కాబట్టి, కంచంత బరువైన లోహం గాలికి తిరగగలిగేంత నిస్సహాయంగా మారిపోతుంది. 1993 నాటి ‘హిస్టీరియా వంపు’లో కూడా ఇదే సూత్రం. పందొమ్మిదో శతాబ్దపు పారిస్ వైద్యులు హిస్టీరియాను స్త్రీల జబ్బుగా ఫొటోలతో సహా ప్రచారం చేశారు, వెనక్కి విల్లులా వంగిన స్త్రీ శరీరం దానికి గుర్తుగా స్థిరపడింది. బూర్జ్వా ఆ విల్లును మగవాడి శరీరంతో చేసి, నడుము దగ్గర తీగ కట్టి వేలాడదీశారు. అది నొప్పి వంపో సుఖపు వంపో ఎంతసేపు చూసినా నిర్ధారించలేం. అద్దంలా మెరిసే దాని ఒంటి మీద చూస్తున్న మన ముఖమే వంకర తిరిగి కనిపిస్తుంది.

మూడవది పదార్థం స్వభావానికి ఎదురు వెళ్లడం. 1967 నుంచి ఆమె ఇటలీలో పాలరాతి గనులున్న ప్రాంతానికి వెళ్లి పనిచేశారు. ‘క్యుములస్’ మేఘాల పేరు పెట్టిన 1968 నాటి ‘క్యుముల్ 1’ చూడండి. తెల్లని దుప్పటి కింద నుంచి గుండ్రని మొగ్గల్లాంటివి తలలు బయటపెడుతున్నట్టుగా ఉంటుంది. అంతటి కఠినమైన రాయి చేత్తో నొక్కితే లోపలికి పోతుందేమోనన్నంత మెత్తగా కనిపిస్తుంది. పాలుతాగే పిల్లలా, రొమ్ములా, పుట్టగొడుగులా అని అడిగితే దేనికీ అవుననీ కాదనీ అనలేం. ఆ తర్వాతి ‘కత్తి స్త్రీ’లో గులాబి రంగు పాలరాతి స్త్రీ దేహమే కత్తి అలుగుగా మారుతుంది. భయపడిన మనిషి తనను భయపెట్టిన ఆయుధంగా తానే మారిపోతుందని ఆమె వివరించారు. ఆ శిల్పంలో పదునైన భాగమూ గాయపడగల భాగమూ ఒకటే కావడం గమనించదగ్గది.

1990ల మధ్య నుంచి ఆమె దీనికి పూర్తిగా అవతలి ఒడ్డుకు వెళ్లారు. జీవితాంతం దాచుకున్న చీటీ గుడ్డలు, లోదుస్తులు, తువాళ్లు, తల్లి నాటి బట్టలు బయటికి తీసి వాటితో మనుషులను కుట్టించడం మొదలుపెట్టారు. కౌగిలించుకున్న జంటలు, బిడ్డను పొట్టలో మోస్తున్న స్త్రీలు, నోరు తెరిచిన తలలు. గుడ్డ అంటే మెత్తదనం, లాలన. కానీ ఆ కుట్లను దగ్గరగా చూడండి. ఆస్పత్రిలో గాయానికి వేసిన కుట్లలా, ముతకగా, దూరదూరంగా, లాగిపట్టినట్టు ఉంటాయి. రెండు దేహాలను కలిపి ఉంచింది ఆ సూదే, పొడిచిందీ ఆ సూదే. 1996లో ఒక శిల్పంలో ఆమె పాత లోదుస్తులను బట్టల కొయ్యలకు బదులు పశువుల ఎముకలకు తగిలించారు. పల్చని పట్టు గుడ్డ, దాని భుజాల్లో గట్టి ఎముక. దీనికి వ్యాఖ్యానం అవసరం లేదనుకుంటాను.

మీరు సాధన చేసేటప్పుడు ఒకటి గమనించమని కోరుతున్నాను. సంతోషానికి ఒక గుర్తు, దుఃఖానికి ఒక గుర్తు తయారుచేసి పక్కపక్కన పెడితే అది పటం అవుతుంది గానీ శిల్పం కాదు. బూర్జ్వా మంచి శిల్పాల్లో రెండు భావాలకూ ఒకే భాగం ఆధారం. అలా జరగని చోట, ముఖ్యంగా ‘గదులు’ అనే పేరుతో ఆమె చేసిన గదుల్లాంటి కట్టడాల్లో వస్తువులు ఎక్కువైపోయిన కొన్నింటిలో, ఆమె కూడా తడబడ్డారనే నా అభిప్రాయం.

ప్రశ్న: ఆమె శిల్పాల్లో కొన్ని అసభ్యంగా ఉన్నాయి. ఇది కళా, సంచలనమా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: మీరు ఏ శిల్పాన్ని ఉద్దేశించారో రాయలేదు గానీ, 1968 నాటి ‘ఫియెట్’ కావచ్చు. ప్లాస్టర్ మీద రబ్బరు పాలు పూసి చేసిన పెద్ద పురుషాంగ రూపం అది, పేరుకు మాత్రం ‘చిన్న పాప’ అని అర్థం. 1982లో ఫొటోగ్రాఫర్ రాబర్ట్ మేపల్‌తార్ప్ తీసిన చిత్రంలో ఆమె దాన్ని చంకన పెట్టుకుని చిలిపిగా నవ్వుతూ ఉంటారు. ఆ భాగం ఎంత బెదిరింపుగా కనిపించినా చాలా సున్నితమైనదనీ, భర్తా ముగ్గురు కొడుకులూ ఉన్న ఇంట్లో కాపాడవలసినదిగానే తనకు తోచిందనీ ఆమె భావించారు. కమలాపండు తొక్కతో తండ్రి చేసిన ఎగతాళిని తెలిసినవారికి, ఆ కూతురే దాన్ని పసిపాపలా ఎత్తుకోవడంలో ఎంత ప్రతీకారం, ఎంత వాత్సల్యం ఉన్నాయో అర్థమవుతుంది. సంచలనం కోసం చేసినదానికి ఒకే ఉద్దేశం ఉంటుంది, రెండోసారి చూస్తే చప్పబడిపోతుంది. ఇది అలా చప్పబడదు. అయినా మీకు ఇబ్బందిగా ఉంటే దాన్ని వదిలి మిగతావి చూడటంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: ఆమె మనోవిశ్లేషణ చేయించుకున్నారని రాశారు. నేను మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్నాను. చివరికి ఆమె బాగుపడ్డారా? కళ ఆమెను బాగుచేసిందా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: తండ్రి పోయిన మరుసటి ఏడాది, 1952లో, న్యూయార్క్‌లో హెన్రీ లోవెన్‌ఫెల్డ్ అనే విశ్లేషకుడి దగ్గర ఆమె చికిత్స మొదలుపెట్టారు. మధ్యలో విరామాలు ఉన్నా, ఆయన 1985లో మరణించేవరకు అది సాగింది. ఆ కాలంలో విడి కాగితాల మీద ఆమె రాసుకున్న కలలు, కోపాలు, జాబితాలు దాదాపు వెయ్యి పుటలు ఆమె ఇంట్లో 2004లోనూ, 2010లోనూ బయటపడ్డాయి. నెమ్మదస్తురాలిగా మారిన మనిషి మాత్రం ఆమె కాదు. ఎనభై దాటాక కూడా నిద్ర పట్టేది కాదు. 1994 నవంబరు నుంచి 1995 జూన్ వరకు రాత్రులు మేలుకుని గీసిన 220 బొమ్మల వరుస అందుకు సాక్ష్యం. చిన్ననాటి ఊరి నది, సంగీతపు గీతలు, సుడులు, మళ్లీ మళ్లీ వచ్చే వలయాలు అందులో ఉన్నాయి.

ఆ సుడుల గురించి మీకు ఆసక్తి కలగవచ్చు. చిన్నప్పుడు టాపెస్ట్రీలను బియెవ్ర్ నదిలో ఉతికి, నలుగురు పట్టుకుని మెలిపెట్టి పిండేవారు. తండ్రి ప్రేయసి మెడను అలా మెలితిప్పాలని కలలు కనేదాన్నని బూర్జ్వా చెప్పారు. ఆమె శిల్పాల్లో కనిపించే మెలి అక్కడి నుంచి వచ్చింది. సుడికి రెండు దిశలు ఉంటాయనీ, బయటి నుంచి లోపలికి చుట్టుకుపోవడం అదుపు తప్పుతుందన్న భయమనీ, లోపలి నుంచి బయటికి విప్పుకోవడం నమ్మకమనీ, ఇవ్వడమనీ ఆమె అన్నారు. గీత ఒకటే, ఎక్కడ మొదలుపెట్టామన్నదాన్ని బట్టి అది భయమో నమ్మకమో అవుతుంది. ఆమె భావజగత్తుకు ఇంతకంటే సూటి నమూనా నాకు కనబడలేదు.

1992లో చేసిన ‘విలువైన ద్రవాలు’ అనే శిల్పం న్యూయార్క్ డాబాల మీద ఉండే పాత దేవదారు నీళ్ల తొట్టెతో చేసినది. లోపల ఒక ఇనుప మంచం, దాని చుట్టూ కన్నీరు, చెమట, పాలు వంటి దేహద్రవాలను తలపించే గాజు పాత్రలు ఉన్నాయి. తొట్టెకు చుట్టిన లోహపు పట్టీ మీద, కళ అనేది మనసు చెదిరిపోకుండా ఉండటానికి హామీ అన్న అర్థం వచ్చే మాట చెక్కించారు. నాలుగేళ్ల తర్వాత ఒక చేతిరుమాలు మీద, నేను నరకానికి వెళ్లి తిరిగొచ్చాను, అది అద్భుతంగా ఉంది అని కుట్టించారు. ఈ రెండు మాటలనూ కలిపి చదివితే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కళ ఆమె బాధను నయం చేయలేదు, ఆ బాధతో పగలంతా చేయడానికి ఒక పని ఇచ్చింది. మీ వృత్తిలో దీన్ని బాగుపడటమని అంటారో లేదో మీరే చెప్పాలి.

ప్రశ్న: పిల్లలు పెద్దవాళ్లయ్యాక నలభై దాటి మట్టి పని నేర్చుకుంటున్నాను. ఆమెకు గుర్తింపు ఎప్పుడు వచ్చింది? ఆమె శిల్పాలను ప్రయాణాలు లేకుండా ఎలా చూడగలను? (ఒక గృహిణి, హనుమకొండ)

జవాబు: ఆలస్యంగానే వచ్చింది. 1953 తర్వాత దాదాపు పదకొండేళ్లు, 1964 వరకు, ఆమె కొత్త శిల్పాలతో ఒంటరి ప్రదర్శన జరగలేదు. పెంచుకున్న కొడుకు, కన్న కొడుకులు ఇద్దరు, భర్త ఉద్యోగం, మానసిక చికిత్స, వీటి మధ్య ఆ ఏళ్లు గడిచాయి. 1982లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆమె కృషి మొత్తాన్ని చూపే పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసేసరికి ఆమెకు డెబ్బై ఏళ్లు. 1993లో, రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బియెనాలేలో అమెరికాకు ప్రాతినిధ్యం వహించారు, 1999లో అక్కడే స్వర్ణ సింహం పురస్కారం అందుకున్నారు. ఇల్లూ భర్త సంపాదనా అండగా ఉన్న మనిషి కాబట్టి ఆమె అంతకాలం వేచి ఉండగలిగారన్న నిజాన్ని దాచి మీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. అయితే ఆమె పనుల్లో నాకు అత్యుత్తమంగా తోచే ‘గదులు’ వరుస, సుమారు అరవై కట్టడాలు, డెబ్బై తొమ్మిదేళ్ల తర్వాత వచ్చినదే. వాటిలో ఒకటైన ‘షువాజీ గది’లో, ఆమె చిన్నప్పటి ఇంటిని గులాబి పాలరాతితో ముద్దుగా చెక్కి, జాలీ పంజరంలో పెట్టి, సరిగ్గా దాని పైన, తలలు నరికే యంత్రమైన గిలటిన్ కత్తిని వేలాడదీశారు.

ఇంట్లోనే చూడాలంటే, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆమె ముద్రణ చిత్రాలన్నింటినీ తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. శిల్పం ఫొటోలో చదునైపోతుంది, ముద్రణ చిత్రం అంతగా నష్టపోదు కాబట్టి మొదట అక్కడికి వెళ్లమని నా సలహా. ‘సేంట్ సెబాస్టియెన్’ అని వెతకండి. బాణాలు తగులుతున్నా పెద్ద అడుగులు వేస్తూ సాగిపోతున్న ఒక స్త్రీ బొమ్మ అది. 1990ల తొలి ఏళ్లలో ఆమె అదే బొమ్మను మార్చి మార్చి అచ్చువేసిన దశలు అక్కడ వరుసగా ఉన్నాయి. తొలి దశ నుంచి ఒక్కొక్కటిగా చూస్తూ, బాణాలు ఎక్కడ చేరాయో, ఒంటి మీద గీతలు ఎక్కడ చిక్కబడ్డాయో, ఏది చెరిపేశారో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత మీ మట్టి పనిలో కూడా పూర్తయిందనుకున్న ఒక బొమ్మను తీసుకుని, అందులో ఒక్క భాగం మాత్రమే మార్చి మళ్లీ చేసి చూడండి.